బెంచీ మీదున్న క్వార్టర్‌బ్యాక్: కాలేజీ మారితే ఆట తిరిగొస్తుందా?

ప్రశ్న:

2025 సీజన్ అయ్యాక డాలస్ ఉత్తర శివారు నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, కొడుకు కాలేజీ పేరు వెయ్యొద్దన్నారు. ఆయనది హనుమకొండ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఇరవై రెండేళ్ల కిందట వచ్చారు. పెద్దకొడుకు ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు ఇరవై ఏళ్లు. హైస్కూల్లో మూడేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్. శుక్రవారం రాత్రి స్టేడియం మైకులో తమ ఇంటిపేరు తప్పుగా పలికినా జనం లేచి అరిచేవాళ్లని రాశారు. 2023లో ఒక పెద్ద యూనివర్సిటీ పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకుంది. మొదటి ఏడాది రెడ్‌షర్ట్, అంటే ఆడించకుండా పక్కన ఉంచారు. ఆ ఏడాది చివర్లోనే, అబ్బాయిని ఏరికోరి తెచ్చుకున్న అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి ఎత్తుగడలు చూసే కోచ్) వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. రెండో ఏడాది అక్కడక్కడా ఆడాడు. మూడో ఏడాది, అంటే ఈ సీజన్‌లో, స్టార్టర్‌గా మొదలుపెట్టి అయిదు ఆటలు ఆడాడు. అయిదో ఆటలో మూడు ఇంటర్‌సెప్షన్లు, అంటే విసిరిన బంతి మూడుసార్లు అవతలి జట్టు చేతికి చిక్కింది. ఆరో ఆట నుంచి కొత్తగా వచ్చిన ఫ్రెష్‌మన్ దిగాడు. సీజన్ అయ్యేదాకా మనవాడు చేతిలో ట్యాబ్లెట్‌తో గీత బయటే నిలబడ్డాడు.

ఇప్పుడు ఎదురుగా మూడు దారులున్నాయి. పాత కోఆర్డినేటర్ ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఒక ఎఫ్‌సీఎస్ (పెద్ద కాలేజీల ఫుట్‌బాల్‌లో రెండో అంచె) కాలేజీకి హెడ్ కోచ్. వస్తే తీసుకుంటామని హైస్కూల్ కోచ్ ద్వారా కబురు వచ్చింది. రెండోది, ఏజెంటునని చెప్పుకునే ఒకాయన ఫోను: పశ్చిమ తీరంలో ఒక పెద్ద యూనివర్సిటీ రెండు లక్షల డాలర్లు ఇస్తుందట, ఆయనకు పదిహేను శాతం ఇవ్వాలట. మూడోది, ఉన్నచోటే ఉండి స్ప్రింగ్‌లో పోటీ పడమని ఇప్పటి కోచ్ అంటున్నాడు. భార్య మాత్రం “ఇగ చాలు, కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చూసుకోమనండి” అంటున్నారు. అబ్బాయి అన్నది ఒక్కటే: “నాకు ఆడాలని ఉంది డాడీ, ఎక్కడైనా సరే.” ఉత్తరం చివర చిన్నగా ఒక మాట: మూడో ఆట నుంచి విసిరే భుజం పట్టేస్తోందట, ట్రైనర్‌కి చెప్పలేదట.

“వీడి కెరీర్ ఇంకో చోట లేస్తుందా? పరువు పోకుండా ఎటు పంపాలి?” అని అడిగారు.

సమాధానం:

నాలుగు పేజీల ఉత్తరంలో మీ అబ్బాయి మాట్లాడింది ఒక్క వాక్యం. ఆ వాక్యంలోనే మీ రెండో ప్రశ్నకు జవాబు ఉంది. “ఎక్కడైనా సరే” అన్నాడు వాడు. పరువు సంగతి ఎత్తింది మీరు. ఎఫ్‌సీఎస్ కాలేజీ గురించి రాసినచోటల్లా “కిందికి దిగడం” అని రాశారు. వాడు దిగడానికి సిద్ధంగా ఉన్నాడు, మీకే మనసొప్పడం లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఇండియాలో చదివేవాళ్ల కోసం ఒక మాట. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి ఎత్తుగడా తన చేతి మీదుగా నడిపేవాడు. క్రికెట్ జట్టులో వికెట్ కీపర్‌లాగే ఒకసారికి ఒక్కడికే చోటు. మిగతా ఆటగాళ్లకైతే మధ్యలో దిగే అవకాశం వస్తుంది. రెండో క్వార్టర్‌బ్యాక్‌కి మాత్రం మొదటివాడు దెబ్బతింటేనో, ఘోరంగా ఆడితేనో తప్ప రాదు. అందుకే కాలేజీలు ఎక్కువగా మారేది వీళ్లే, మారాక ఎక్కువగా వార్తల్లోకి ఎక్కేదీ వీళ్లే.

ఇక మొదటి ప్రశ్న, లేస్తుందా అని. లేచినవాళ్లు ఉన్నారు. అయితే వాళ్ల కథలు మనం వాట్సాప్‌లో పంపుకునేంత పొట్టివి కావు.

శామ్ డార్నల్డ్‌ని తీసుకోండి. 2018లో ఎన్‌ఎఫ్‌ఎల్ (కాలేజీ తర్వాత డబ్బుకు ఆడే పెద్ద లీగ్) డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునేచోట, న్యూయార్క్ జెట్స్ అతన్ని మూడో స్థానంలో ఎంచుకుంది. 2019 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ మీద 33–0తో ఓడిన రాత్రి, ఒంటికి తగిలించిన మైకులో అతని మాట దేశమంతా వింది: నాకు దయ్యాలు కనిపిస్తున్నాయి. లేని డిఫెండర్లు మీదికొస్తున్నట్టు కనిపించడం అన్నమాట. ఏళ్ల తరబడి నవ్వుకున్నారు జనం. మీరు మీ అబ్బాయి గురించి “పక్కన ఎవరూ లేకపోయినా పరిగెత్తేస్తున్నాడు, చూపు కిందికి దించేస్తున్నాడు” అని రాశారే, అది ఇదే. ముందు నిలబడే అఫెన్సివ్ లైన్ పదేపదే కూలిపోతే, కాపు గట్టిగా ఉన్న రోజు కూడా కుర్రాడి కాళ్లు నమ్మవు. పిరికితనం అనుకోకండి, ఒళ్లు నేర్చుకున్న అలవాటు.

డార్నల్డ్ ఆ అలవాటు ఎక్కడ వదిలించుకున్నాడు? 2021లో కరోలైనా పాంథర్స్‌కి మారాడు, అక్కడా కుదరలేదు. ఊరు మారింది, ఆట మారలేదు. 2023లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాక్ పర్డీ వెనక రెండోవాడిగా ఒక ఏడాది కూర్చున్నాడు. ఆ తర్వాతే మిన్నెసోటా. అక్కడ కూడా మొదట అనుకున్నది కొత్త కుర్రాడు జె.జె. మెకార్తీని. అతని మోకాలు దెబ్బతింది కాబట్టి సీజనంతా పగ్గాలు డార్నల్డ్ చేతిలో ఉండిపోయాయి. 14 గెలుపులు, 35 టచ్‌డౌన్ పాస్‌లు. చివర్లో లాస్ ఏంజెలస్ రామ్స్ ఒక్క ప్లేఆఫ్ ఆటలో తొమ్మిదిసార్లు సాక్ చేసేసరికి (బంతి విసరకముందే పడగొట్టేసరికి) మిన్నెసోటా అతన్ని వదులుకుంది. సియాటిల్ 2025 మార్చిలో మూడేళ్లకు పది కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం ఇచ్చి తీసుకుంది. ఈ కథలో కొత్త ఊరి పాత్ర ఎంత, కూర్చుని నేర్చుకున్న ఏడాది పాత్ర ఎంత, ఇంకొకడి మోకాలి పాత్ర ఎంత, మీరే చూడండి.

సియాటిల్‌లో ఆ చోటు ఖాళీ చేసింది జీనో స్మిత్. ఆయన జెట్స్‌లో మొదలై, రెండు జట్లలో బెంచీలు ఎక్కి దిగి, సియాటిల్‌లో రస్సెల్ విల్సన్ వెనక మూడేళ్లు వేచి, 2022లో తొమ్మిదేళ్ల అనుభవంతో స్టార్టర్ అయ్యాడు. ఆ ఏడాది కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు ఆయనదే. అదే మనిషిని 2025లో లాస్ వేగాస్ రైడర్స్ తెచ్చుకుంటే, అక్కడ మళ్లీ తడబడ్డాడు. ప్రతిభ ఎటూ పోలేదు. చుట్టూ ఉన్న జట్టు మారింది.

మీ ఉత్తరంలోని చిన్న వాక్యానికి దగ్గరగా వచ్చేది బేకర్ మేఫీల్డ్. 2021లో క్లీవ్‌లాండ్‌లో, సీజన్ రెండో ఆటలోనే ఎడమ భుజంలో లేబ్రం (కీలు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) చిరిగింది. విసిరే చెయ్యి కాదు కదా అని ఆడుతూ పోయాడు. ఆట దిగజారింది. జట్టు నమ్మకం పోయి వేరేవాణ్ణి తెచ్చుకుంది. 2022లో కరోలైనాకు వెళ్తే, అదీ వదిలేసింది. రామ్స్‌లో చేరిన రెండు రోజులకే 98 గజాలు నడిపించి రైడర్స్ మీద గెలిపించాడు. 2023లో టాంపా బే ఏడాదికి 40 లక్షల డాలర్లకు తీసుకుంది, క్వార్టర్‌బ్యాక్‌ల లెక్కలో చిల్లర డబ్బు అది. ఆ మరుసటి ఏడాది మూడేళ్లకు పది కోట్లు. భుజం సంగతి ఎవరూ లెక్కపెట్టని ఏడాదిలోనే అతని పేరు చెడిపోయిందన్నది ఇక్కడ నాకు ముఖ్యం.

మీ అబ్బాయిది విసిరే భుజమే. మూడో ఆట నుంచి పట్టేస్తోంది, అయిదో ఆటలో మూడు ఇంటర్‌సెప్షన్లు. ఈ రెండూ మీరు వేరువేరు పేరాల్లో రాశారు. నేను పక్కపక్కన పెట్టి చదివాను. కాలేజీ మార్చాలా వద్దా అన్నది తర్వాత. ఈ వారంలో వాడు ట్రైనర్ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, డాక్టర్ చూడాలి, అవసరమంటే ఎంఆర్ఐ తియ్యాలి. జట్టు జాబితాలో ఉన్నంతకాలం ఆటలో తగిలిన దెబ్బకు వైద్యం చూపించేది ఆ కాలేజీయే. దాచిపెట్టి మారితే కొత్తచోట వైద్య పరీక్షలో బయటపడుతుంది, లేదా అక్కడి మొదటి నెలలో బయటపడుతుంది. రెండోది ఇంకా చెడ్డది. “గాయం అని తెలిస్తే ఎవరు తీసుకుంటారు” అని మీకు భయం ఉండొచ్చు. ఆ భయం నిజమే. కొందరు వెనక్కి తగ్గుతారు. కానీ గాయమే కారణమైతే ఆ అయిదో ఆటకు ఒక వివరణ దొరుకుతుంది, వాడి మనసుకు కూడా. ఏమీ లేదని తేలితే అది కూడా తెలియాల్సిందే, అప్పుడు సమస్య కాళ్లలోనూ కళ్లలోనూ ఉందని వేరే దారి చూసుకోవచ్చు.

లేవనివాళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్ల పేర్లు ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. టేట్ మార్టెల్ హైస్కూల్లో పెద్ద పేరు. ఒహైయో స్టేట్ నుంచి మయామీకి మారాడు, అక్కడ పోటీలో ఓడి రిసీవర్‌గా (విసిరిన బంతి పట్టేవాడిగా) ప్రయత్నించాడు, ఆఖరికి యూఎన్‌ఎల్‌వీ (లాస్ వేగాస్‌లోని నెవాడా యూనివర్సిటీ). ఎక్కడా స్టార్టర్‌గా స్థిరపడలేదు. జె.టి. డేనియల్స్ యూఎస్‌సీ, జార్జియా, వెస్ట్ వర్జీనియా, రైస్ అని నాలుగు కాలేజీలు తిరిగాడు. చివరికి తలకు తగిలిన దెబ్బల వల్ల ఆటే మానాల్సి వచ్చింది. మొత్తంగా కాలేజీ ఆటగాళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లేది నూటికి ఇద్దరు కూడా కాదు. కిరాణా కొట్లో సరుకులు సర్ది సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలిచిన కర్ట్ వార్నర్ కథ మీరు ఉత్తరంలో ఎత్తారు. ఇక్కడి తండ్రులందరికీ ఆ కథ కంఠతా వచ్చు. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఇప్పుడు మీ దారులు.

పాత కోఆర్డినేటర్ ఉన్న ఎఫ్‌సీఎస్ కాలేజీ. నా మొగ్గు ఇటే, దాచను. వాణ్ణి వాడి బలాలు చూసి ఎంచుకున్న మనిషి అక్కడున్నాడు, ఎత్తుగడల భాష వాడికి ముందే తెలుసు, హెడ్ కోచ్ కాబట్టి ఇంకొకరి మాట వినాల్సిన పనిలేదు. “కిందికి” అంటున్నారు గానీ, జో ఫ్లాకో పిట్స్‌బర్గ్ బెంచీ మీంచి దిగి వెళ్లింది అప్పట్లో ఇలాంటి స్థాయిలో ఉన్న డెలావేర్‌కే. అక్కణ్ణించి 2008 డ్రాఫ్టులో 18వ స్థానంలో వెళ్లాడు, సూపర్ బౌల్ ఎంవీపీ (ఆ ఆటలో ఉత్తమ ఆటగాడు) అయ్యాడు, నలభై ఏళ్ల వయసులో 2025 సీజన్‌లో కూడా ఆడాడు. 2025లో డ్రాఫ్ట్ మొదటి ఎంపిక కామ్ వార్డ్ కాలేజీ ఆట మొదలుపెట్టింది శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్‌లో, అదీ ఎఫ్‌సీఎస్సే. మీ డాలస్ వాళ్లందరికీ తెలిసిన టోనీ రోమో కూడా ఆ స్థాయి నుంచే వచ్చాడు. స్కౌట్లు ఆడుతున్నవాణ్ణి చూస్తారు, నిలబడ్డవాణ్ణి చూడరు. నష్టాలూ ఉన్నాయి: డబ్బు తక్కువ, టీవీలో కనిపించడం తక్కువ, ఎన్‌ఎఫ్‌ఎల్ మనుషులు రావడం తక్కువ. అన్నిటికంటే పెద్ద నష్టం, ఆ కోచ్ బాగా గెలిస్తే ఏడాదిలో ఇంకో పెద్ద ఉద్యోగానికి పోతాడు. అప్పుడు మీవాడు మళ్లీ తెలియని మనిషి చేతిలో పడతాడు. ఒకసారి జరిగింది కదా.

ఇందులో ఒక చిక్కు. కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు ఇచ్చే పోర్టల్‌లో పేరు పడకముందు వేరే కాలేజీ కోచ్ ఆటగాడితో మాట్లాడటం ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలను నడిపే సంస్థ) నిబంధనలకు విరుద్ధం. అందుకే ఆయన నేరుగా ఫోన్ చెయ్యలేదు, హైస్కూల్ కోచ్ మాటలో ఎంత ఉందో మీకు తెలియదు. తేల్చుకోవాలంటే పోర్టల్‌లోకి దిగాలి. దిగాక ఇప్పటి కాలేజీకి ఆ టర్మ్ ముగియగానే స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు వస్తుంది, వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత ఉండదు. జట్టుకు 105 మంది అన్న కొత్త పరిమితి వచ్చాక ఖాళీలు కూడా తగ్గాయి. ఈసారి పోర్టల్ తెరిచేది 2026 జనవరి 2 నుంచి 16 వరకే, స్ప్రింగ్‌లో ఇంకో అవకాశం తీసేశారు. కాబట్టి ఆ తేదీల్లోపల వాడు సగం చీకట్లోనే నిర్ణయం తీసుకోవాలి. అది అన్యాయంగానే ఉంటుంది, కానీ అందరికీ అంతే.

చీకటి తగ్గించుకునే పని ఒకటి మాత్రం ఇప్పుడే చెయ్యొచ్చు, అది చదువు లెక్క. డివిజన్ 1లో (ఈ కాలేజీలన్నీ ఉండే పై స్థాయి) నాలుగో ఏడాది ఆడాలంటే, ఏ కాలేజీలో ఆడుతున్నాడో ఆ కాలేజీ డిగ్రీలో 60 శాతం పూర్తయి ఉండాలి. అయిదో ఏడాదికి 80. మీవాడు చదివిన డేటా స్ట్రక్చర్స్ కోర్సు కొత్తచోట డిగ్రీకి లెక్కపడకపోతే, వచ్చే ఆగస్టులో భుజం బాగుండి, కోచ్ బాగుండి, అర్హత లేక కూర్చోవాల్సి రావచ్చు. కంప్యూటర్ సైన్స్‌లో ఇది ఎక్కువ జరుగుతుంది, కోర్సులు ఒకదాని మీద ఒకటి కట్టి ఉంటాయి కాబట్టి. చాలా కాలేజీలు ఏ కోర్సుకి ఏది సమానమో తమ వెబ్‌సైట్లోనే పెడతాయి. మార్కుల జాబితా, ఆ కాలేజీ కేటలాగ్ పక్కపక్కన పెట్టుకుని మీ ఆవిడ కూర్చుంటే సాయంత్రానికల్లా తేలిపోతుంది. ఆ పని ఆవిడకే ఇవ్వమంటాను. ఆవిడ ఇప్పటిదాకా ఈ ఆటకు బయటే ఉన్నారు, మీ ఇద్దరి వాదనల్లో కాస్త అయినా కలిసే చోటు అదే.

ఉన్నచోటే ఉండటం. స్ప్రింగ్‌లో పోటీ అని కోచ్ అన్నమాట నిజమో మర్యాదో తెలుసుకోవడానికి మీవాడు అడగాల్సింది ఒకటుంది: ఈ శీతాకాలం పోర్టల్ నుంచి ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని తెస్తున్నారా? అవునంటే సంగతి తేలినట్టే. కానీ ఉండిపోవడంలో ఇంకో లాభం ఉంది, మీరు దాన్ని చూడలేదు. జేలెన్ హర్ట్స్‌ని 2018 జనవరిలో జాతీయ ఫైనల్ మధ్యలో అలబామా బెంచీ ఎక్కించింది. దేశమంతా చూసింది. అతను వెళ్లిపోలేదు. ఇంకో సీజన్ రెండోవాడిగా ఉండి, ఆ డిసెంబరులో డిగ్రీ తీసుకుని, అప్పుడు ఓక్లహోమాకు వెళ్లాడు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఎంవీపీ. మీవాడికి అయిదేళ్ల గడియారం 2023లో మొదలైంది, ఇంకా 2026, 2027 సీజన్లున్నాయి. వేసవి కోర్సులు చదివి 2026 డిసెంబరుకల్లా పట్టా తీసుకోగలిగితే, క్రెడిట్ల గొడవ లేకుండా గ్రాడ్యుయేట్‌గా 2027లో కావలసినచోట ఆడొచ్చు. ఖర్చు ఏమిటంటే మిగిలిన రెండు సీజన్లలో ఒకటి బహుశా బెంచీ మీద కరిగిపోతుంది. భుజానికి ఆపరేషన్ అవసరమని తేలితే మాత్రం ఈ దారే అన్నిటికంటే మంచిది అవుతుంది.

క్వార్టర్‌బ్యాక్ పని వదిలి రిసీవర్‌గా మారడం కూడా ఉంది. కెంట్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జూలియన్ ఎడెల్‌మన్ అలాగే న్యూ ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకున్నాడు. మీవాడు ఆ ఊసు ఎత్తలేదు కాబట్టి నేనూ పొడిగించను. ఆట పూర్తిగా మానేసే మాట మీ ఆవిడది, అది తప్పు మాట కాదు. అయితే వాడే చెప్పాలి. ఇరవై ఏళ్లవాడు ఇంట్లో వాళ్ల కోసం మానేస్తే, ముప్పై ఏళ్లకు కూడా ఆ జనవరి గురించే మాట్లాడతాడు. హనుమకొండ నుంచి “ఇంకా ఆటలేనా” అని అడిగే మేనమామలకు మీరు చెప్పాల్సిన జవాబు “వాడి డిగ్రీ నడుస్తోంది” అని ఒక్కటే, అది నిజం కూడా.

ఇక రెండు లక్షల డాలర్లు. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు. డబ్బు తీసుకోవడంలో తప్పేమీ లేదు. (ఒక హెచ్చరిక ఇలాంటి కుర్రాళ్లున్న ఇతర ఇళ్లకు: మీ అబ్బాయి ఇక్కడ పుట్టాడు కాబట్టి సరిపోయింది. హెచ్4 మీద పెరిగి ఎఫ్1కి మారిన పిల్లలు ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా ఈ డబ్బు ముట్టుకోకూడదు.) కానీ 2024లో యూఎన్‌ఎల్‌వీ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా, నోటిమాటగా చెప్పిన లక్ష డాలర్లు రాలేదని మూడు ఆటలు గెలిచాక జట్టు వదిలాడు. అటువైపు వాళ్లు అలాంటి ఒప్పందమే లేదన్నారు. కాగితం లేదు కాబట్టి తేలలేదు. మీకు వచ్చింది నోటిమాట కూడా కాదు, ఎవరి నోటిమాటో తెలియని మాట. అయిదు ఆటలాడి బెంచీ ఎక్కిన కుర్రాడికి, ఆ కాలేజీ కోచ్ ఎవరో చెప్పకుండా, రెండు లక్షలు ఎందుకిస్తారో ఒక్కసారి ఆలోచించండి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏజెంటు 3 శాతం మించి తీసుకోకూడదని ఆటగాళ్ల సంఘం నియమం. కాలేజీలో అలాంటి కట్టడి లేదు కాబట్టే ఈయన పదిహేను అడుగుతున్నాడు. నిజంగానే ఒప్పందం వస్తే చూడాల్సినవి: మధ్యలో వెళ్లిపోతే తిరిగి కట్టాలనే షరతు ఉందా, గాయమైతే డబ్బు ఆగుతుందా, కోచ్ మారితే ఏమిటి. పన్నుల లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు. టెక్సస్‌లో లేని రాష్ట్ర పన్ను కాలిఫోర్నియాలో బాగా తగులుతుంది.

ఆయన మళ్లీ ఫోన్ చేస్తే మూడు అడగండి: పిలుస్తున్న కోచ్ పేరు, ఏజెంటుగా టెక్సస్‌లో ఆయన రిజిస్ట్రేషన్ వివరాలు, ఆ పదిహేను శాతం దేని మీద, ఎన్నేళ్లపాటు. మూడిట్లో ఒక్కదానికి తడబడినా ఫోన్ పెట్టెయ్యండి, నంబరు కూడా తీసెయ్యండి. మీవాడికి నేరుగా చేస్తున్నాడేమో కూడా అడిగి తెలుసుకోండి. ఈపాటికి చేసే ఉంటాడు.